తల తిరిగితే చెవి డాక్టరా?

ఉద్యోగం మానేసి ఏళ్ళు గడిచినా వీధిలో అందరికీ ఆవిడ కండక్టరమ్మే. కిక్కిరిసిన బస్సులో కమ్మీ పట్టుకోకుండా టికెట్లు కొట్టిన మనిషి. గొంతు కూడా అప్పటిదే. వంటింట్లోంచి ఎవరిని పిలిచినా మేడ మీద అద్దెకున్నవాళ్ళు ఉలిక్కిపడేవారు. భర్త గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం పెట్టుకుని ఊపిరి బిగబట్టి పనిచేసీ చేసీ ఆయనకు మాట కూడా పొదుపుగానే వచ్చేది.

ఒకరోజు తెల్లవారుతుండగా ఆవిడ కుడి పక్కకు ఒత్తిగిలింది. అంతే, గది మొత్తం గిర్రున తిరిగింది. మంచం పట్టె గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఆగింది. నిద్ర చాలలేదేమో అనుకుని లేచి వంటింట్లోకి వెళ్ళి, పై అరలో డబ్బా కోసం తల ఎత్తింది. మళ్ళీ అదే తిరుగుడు. ఈసారి నేల మీదకు జారిపడింది. డబ్బాలో పిండంతా నెత్తిన పడింది.

కోడలు పరుగెత్తుకొచ్చింది. "అత్తయ్యా, దెబ్బ తగిలిందా?"

"పిండికి తగిలింది. సగం పోయింది" అంది ఆవిడ, కమిలిన మోచెయ్యి చీరకొంగు కింద దాచుకుంటూ.

పైకి అలా అన్నా లోపల బెదిరిపోయింది. కొడుకు నేల మీది తివాచీలు తీసేయించి చేతికర్ర కొనుక్కొచ్చాడు. దాని వైపు ఆవిడ కన్నెత్తి చూడలేదు కానీ, ఎటు వెళ్ళినా గోడ పట్టుకునే వెళ్ళేది. వీధిలోకి రావడం మానేసింది. రోజంతా కుర్చీలోనే. ఆ గొంతు కూడా నూతిలోంచి వచ్చినట్టు తయారైంది. మేడ మీదివాళ్ళే దిగివచ్చి, "ఏంటండీ, ఇల్లంతా ఇంత నిశ్శబ్దంగా ఉంది?" అని అడిగారు.

ఎప్పుడూ చూపించుకునే డాక్టరు బీపీ, షుగరు అన్నీ చూసి బాగానే ఉన్నాయన్నాడు. తల తిప్పినప్పుడే వస్తోందని కోడలు చెప్పడంతో, చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు.

"తల తిరిగితే చెవి డాక్టరేంటి? మోకాలు నొప్పికి పళ్ళు పీకించుకున్నట్టు" అని ఆవిడ వెంట వచ్చిన భర్తతోనూ కోడలితోనూ దారి పొడవునా సణిగింది.

చెవి డాక్టరు మెత్తగా మాట్లాడే మనిషి. "ఎప్పట్నుంచమ్మా?" అని అడిగింది.

"ఏ పట్నమూ కాదు. ఈ పక్క వీధే మాది."

కోడలు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. డాక్టరు మాత్రం కుర్చీ దగ్గరగా జరుపుకుని, గొంతు పెంచి నిదానంగా చెప్పింది. "చెవిలో వినడానికి ఒక భాగం, తూలకుండా నిలబెట్టడానికి ఒక భాగం పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండో దాంట్లో ఇసుక రేణువుల్లాంటివి ఉంటాయి. వయసు మీద పడ్డాక ఒక్కోసారి అవి చోటు తప్పి పక్కనున్న సన్నటి గొట్టంలోకి జారతాయి. అప్పుడు మీరు తల కాస్త కదిపినా, ప్రపంచమంతా తిరుగుతోందని మెదడుకు తప్పుడు కబురు వెళ్తుంది."

"గడియారంలో నలుసు పడ్డట్టు" అన్నాడు భర్త. ఆ రోజుకు ఆయన మొదటి మాట అదే.

డాక్టరు ఆవిడ తలను కుడివైపు తిప్పి, మంచం అంచు మీదుగా తల కొద్దిగా కిందికి వాలేలా పడుకోబెట్టింది. పైకప్పు సుడి తిరిగింది.

"పడిపోతున్నా."

"పడరు. నేను పట్టుకున్నాను. కళ్ళు మూయకండి."

తిరుగుడు తగ్గాక తలను మెల్లగా ఎడమకు తిప్పింది. ఆ తర్వాత మనిషినే ఆ పక్కకు ఒత్తిగిలించి, చివరికి లేపి కూర్చోబెట్టింది. కొంచెంసేపు ఆగి మళ్ళీ మొదటికి వచ్చి అదంతా చేసింది. ఈసారి పైకప్పు కదల్లేదు. ఆవిడ దాన్ని అలా చూస్తూనే ఉండిపోయింది. "ఉన్నచోటే ఉంది" అంది నమ్మలేనట్టు.

ఆ తర్వాత వినికిడి పరీక్ష చేశారు. రెండు చెవులూ బాగా తగ్గాయి. "చుట్టుపక్కల చప్పుళ్ళు కూడా నడిచేవాళ్ళకి కొంత ఆసరా. వినికిడి తగ్గినవాళ్ళు తూలిపడటం ఎక్కువగా చూస్తుంటాం. వినికిడి మిషన్ పెట్టుకోండి" అంది డాక్టరు.

"చెవిలో మిషన్ పెట్టుకుంటే నలుగురూ ముసల్దాన్నంటారు" అని ఆవిడ ససేమిరా అంది.

"నేను పెళ్ళికి ముందు నుంచి కంటికి అద్దం పెట్టుకుంటున్నా. నన్నెవరైనా ఏమైనా అన్నారా?" అన్నాడు భర్త. ఆయన అంత పెద్ద మాట మాట్లాడాక ఆవిడ కొలతలకు చెవులు అప్పగించింది.

మిషన్ పెట్టుకుని వచ్చిన రోజు ఆవిడ ఇల్లంతా చెవులు రిక్కించుకుని తిరిగింది. ఫ్రిజ్ మూలుగుతోందని కంప్లయింట్ చేసింది. తన చెప్పులు ఇంత టపటపలాడతాయా అని ఆశ్చర్యపోయింది. భర్త పనిచేసుకునే బల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోయింది. ఆయన పళ్ళ సందుల్లోంచి సన్నగా ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

"ఇదెప్పట్నుంచండీ?"

"ఎప్పుడూ ఉన్నదే." ఆయన తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆవిడ ముక్కాలిపీట లాక్కుని పక్కనే కూర్చుంది.

కాళ్ళకు కూడా పని చెప్పమంది కదా డాక్టరు అని సాయంత్రాలు వరండాలో మొదలుపెట్టింది. కిటికీ చువ్వ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్ళు ఆనించి గీత గీసినట్టు నడవడం. సాయంగా వచ్చిన కోడలే మొదట తూలింది. మేడ మీద పెద్దవాళ్ళు చూసి దిగివచ్చారు, ఎదురింటివాళ్ళూ వచ్చారు. "జరగండి, ముందుకి జరగండి. కంగారు లేదు, అందరికీ చోటుంది" అని ఆవిడ మునుపటి గొంతుతో అదిలిస్తుంటే వరండా కళకళలాడింది. అందరికంటే ఎక్కువ ఊగింది భర్తే. ఎన్నో ఏళ్ళు కుర్చీకి అతుక్కుపోయిన మనిషాయె.

కొన్నాళ్ళకు ఆ తిరుగుడు మళ్ళీ ఒకసారి వచ్చింది. ఈసారి ఆవిడ కంగారు పడలేదు. కోడల్ని తోడు తీసుకుని వెళ్ళి సరిచేయించుకుని, వచ్చేటప్పుడు కూరలు కూడా కొనుక్కొచ్చింది.

ఇప్పుడు సాయంత్రం అయ్యేసరికి మొగుడూ పెళ్ళాం కాలువ గట్టు దాకా నడిచి వస్తున్నారు. నిన్న ఆయన సగం దారిలో ఆగి ఆయాసపడ్డాడు.

"కాస్త మెల్లగా నడవచ్చుగా."

"ఏమన్నారు? వినబడలేదు" అంది ఆవిడ, నవ్వు పెదాల వెనక దాచుకుని. ఆయన వచ్చి కలిసేదాకా ఆగి, చెయ్యి అందించింది.