మా ఆయన విస్కీ మార్కులు

నేను లివర్ వార్డులో నర్సుని. "ఎంత తాగుతారు?" అని అడిగితే "అబ్బే, అప్పుడప్పుడే సిస్టర్" అనని పేషెంటును ఇంతవరకు చూడలేదు. ఆ మాట వినగానే మనసులో రెండింతలు చేసుకోవడం నాకు అలవాటైపోయింది. "అనుమానపు పక్షివే నువ్వు" అని మా అమ్మ తిట్టేది. తిట్టనీ. ఢిల్లీలో ఇన్నేళ్లుగా ఆ గుణమే నాకు అన్నం పెడుతోంది.

మూడేళ్ల కిందట మా ఆయన రక్తపరీక్షలో లివర్ అంకెలు తేడాగా వచ్చాయి. ఇక ముట్టనని ఆయన నా తలమీద చెయ్యి పెట్టి ఒట్టేశారు. ఒక్కటి మాత్రం వదల్లేనన్నారు. నెలకో శనివారం సాయంత్రం నలుగురు ఆఫీసు స్నేహితులతో కూర్చుని, ఏ సీసాలోదో తెలియకుండా విస్కీ రుచి చూసి మార్కులు వేస్తారట. గ్లాసుకి రెండు గుక్కలేనట, అదసలు తాగడం కిందికే రాదట! వద్దంటే ఇంకెక్కడో తాగుతారు. అందుకని నేనూ ఒక షరతు పెట్టాను. ఆట మయూర్ విహార్‌లో మా ఫ్లాట్‌లోనే జరగాలి, పోసేది నేనే, ఆ రోజు తప్ప మరెప్పుడూ చుక్క ముట్టకూడదు. సంగతి చర్చిలో తెలిస్తే పాస్టరమ్మగారు నాకోసం ఉపవాస ప్రార్థన పెట్టించేవారు. అయినా భరించాను, మనిషి కళ్లెదుట ఉంటాడు కదా అని.

వంటింటి తలుపు వేసుకుని, వాళ్లు తెచ్చిన ఐదు రకాల విస్కీలూ వరస మార్చి పోసేదాన్ని. గ్లాసులకి ఆసుపత్రి టేపు అంటించి అంకెలు వేసేదాన్ని. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడకుండా చీటీల మీద పదికి ఇన్ని అని రాసిచ్చేవారు. ఆ మార్కులన్నీ జ్వరం చార్టులాగా గీతలు గీసి వంటింటి గోడకి తగిలించడం నా సరదా. కొన్నాళ్లకి వాళ్ల బండారమంతా ఆ గీతల్లో కనబడింది. ఖరీదైన సీసా గెలిచిన నెలలు తక్కువ. పేరు చెప్పాక మాత్రం "నాకు ముందే అనిపించింది" అననివాడు లేడు. దీపావళి తర్వాత ఊరంతా పొగ కమ్మిన రోజుల్లో పొగ వాసన విస్కీకి మార్కులే పడేవి కావు. అన్నిటికన్నా తమాషా ఏమిటంటే, ఏ రకం ఎప్పుడు పోసినా చివరి గ్లాసుకే మార్కులెక్కువ. మొదటి గ్లాసుకి మొహం చిట్లించి ఐదు వేసినవాళ్లే, చివరికొచ్చేసరికి లోకమంతా మంచిదైపోయి ఎనిమిది వేసేవారు.

అందరి గీతలూ పైకి ఎక్కేవి. మా ఆయన గీత ఒక్కటే ఎక్కకుండా దిగకుండా తిన్నగా ఉండేది.

నా కళ్లుగప్పి సీసాలు చూస్తున్నారేమోననుకున్నాను. ఒకసారి చెప్పకుండా ఒకే విస్కీని మొదటి గ్లాసులోనూ చివరి గ్లాసులోనూ పోశాను. మిగతావాళ్లు మొదటిదానికి ఐదు, చివరిదానికి ఎనిమిది వేశారు. మా ఆయన రెంటికీ ఎనిమిదే వేశారు.

సంగతి బయటపెట్టగానే, వరంగల్ వైపు నుంచి వచ్చి జనక్‌పురిలో స్థిరపడిన స్నేహితుడు ఎగిరి గంతేశాడు. "ఏందొదినా, మీ ఆయనది నాలుకనా, తరాజా?" అన్నాడు. మా ఆయన మీసం కింద నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. చీటీల మీద ఇంత ధారాళంగా మార్కులు వేసే ఈ పెద్దమనిషి, నా చేపల పులుసుకి ఏనాడూ ఆరు మించి వెయ్యలేదు! ఆయన గీత తిన్నగా ఉంటే ఉంది. కానీ అందరూ మొదలుపెట్టే చోట కాకుండా, అందరూ ముగించే చోట ఎందుకుంది? రాత్రి పడుకున్నా ఆ గీతే కళ్లముందు ఆడేది. ఆయన్ని అడగాలంటే భయమేసింది.

మొన్న ఒక నెల శనివారం కుదరక, ఆటని ఆదివారం మధ్యాహ్నానికి మార్చారు. పొద్దుటి నుంచి ఆయన నా పక్కనే ఉన్నారు. ఆరాధనలో పక్కనే, మెట్రోలోనూ పక్కనే. మా సొసైటీ గేటు దగ్గరికి వచ్చాక ఆగారు.

"నువ్వు పైకి పద. కారు ఓసారి తుడిచొస్తాను."

"మెట్రోలో వెళ్లొచ్చాం కదండీ, కారుకేమొచ్చింది?"

"దుమ్ము పట్టిందే. శనివారం తుడవలేదు."

నిజమే. టేస్టింగున్న ప్రతి శనివారం సాయంత్రం ఆయన గుడ్డ తీసుకుని కిందికి వెళ్లేవారు. అంతలో లిఫ్టు దగ్గర స్నేహితులు కనబడి "ఆవో భాయ్, ఆవో!" అని ఆయన్ని లోపలికి లాక్కుపోయారు. కారు తుడవడం కుదరలేదు.

ఆ రోజు చీటీలు వంటింట్లో విప్పి, హాల్లోకి వినబడేలా చదివాను. మా ఆయన మొదటి గ్లాసుకి ఐదు వేశారు. తర్వాత ఆరు, మళ్లీ ఆరు, ఆపైన ఏడు. చివరిదానికి ఎనిమిది. అచ్చం అందరిలాగే.

"అరె, తరాజు ఖరాబైంది వదినా!" అని హాల్లోంచి జనక్‌పురి ఆయన అరిచాడు. అందరూ గొల్లున నవ్వారు. స్టవ్ గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఇన్నాళ్లూ నేను మొదటి గ్లాసు పోసే వేళకి, ఈయన మిగతావాళ్ల చివరి గ్లాసు దాటేసి వచ్చి కూర్చునేవారన్నమాట. నా తలమీద పెట్టిన చెయ్యి గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది.

వాళ్లు వెళ్లిపోయాక గ్లాసులు కడుగుతుంటే ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఇవాళెందుకో నా నాలుక బాగోలేదు."

"బాగానే ఉంది. శనివారాలు కార్లో ఎంత తాగి పైకొస్తున్నారు?"

ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఎవరు చెప్పారు? వాచ్‌మనా?"

"మీరే చెప్పారు. నెలనెలా, మీ చేత్తోనే రాసి ఇచ్చారు."

గోడకి తగిలించిన చార్టు వైపు చూశారు. కుర్చీ లాక్కుని కూలబడ్డారు. నన్ను చూడకుండా, నేలని చూస్తూ అన్నారు.

"అప్పుడప్పుడేనే."

వార్డులో రోజూ వినే మాటే. అక్కడైతే రెండింతలు చేసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోతాను. తడి చేతులు చీరకి తుడుచుకుని ఆయన ముందు చెయ్యి చాపాను.

"కారు తాళం ఇటివ్వండి."