అంకమ్మరావు మోకాళ్లు

విజయవాడ వన్‌టౌన్‌లో చీరల కొట్టు అంకమ్మరావుని ‘బాగున్నారా?’ అని అడిగి తొందరగా బయటపడ్డవాళ్లు లేరు. మాటవరసకి అడిగినా సరే, జవాబు మోకాళ్లతో మొదలై మెడ దాకా ఎక్కేది. మధ్యలో ఫోనొస్తే, “నడుం దగ్గర ఆపాను, గుర్తుపెట్టుకోండి” అనేవాడు. వినాయకచవితి చందాలవాళ్లు ఆ కొట్టు వదిలేసి పక్క కొట్టుకి పోయేవారు.

ఎదురింటి రామతులసికి మాత్రం ఆ సోది ఇష్టం. మనసు జబ్బుతో ఆస్పత్రిలో ఉండి వచ్చినప్పటి నుంచీ, పొద్దున్నే అరుగు మీద కూర్చుని వినేది. ఆయన ముందు బాగున్నట్టు నటించక్కర్లేదు.

“రాత్రంతా ఎవరో పిలుస్తున్నట్టే ఉంది బాబాయ్.”

“నీకు పిలుపులేగా! నా కడుపులో బ్యాండు మేళం.”

మనసు జబ్బుకీ వికలాంగుల పెన్షన్ ఇస్తారు, కానీ రామతులసికి అది రావాలంటే డాక్టర్ల సర్టిఫికెట్ కావాలి. పెన్షన్ వస్తే, ఆమె మందుల కోసం తల్లి సంపూర్ణమ్మ రాత్రీపగలూ మిషన్ తొక్కక్కర్లేదు. మొదటిసారి పరీక్షకి సంపూర్ణమ్మ కూతుర్ని పెళ్లిచూపులకి తయారుచేసినట్టు పట్టుచీర కట్టి, కనకాంబరాలు పెట్టి తీసుకెళ్లింది. “ఎలా ఉన్నారమ్మా?” అన్నాడు డాక్టరు. పెద్దవాళ్లు అడిగితే ఏమనాలో రామతులసికి చిన్నప్పుడే నేర్పారు.

“బాగున్నానండీ. మీరు బాగున్నారా?”

డాక్టరు బాగానే ఉన్నాడు. సర్టిఫికెట్టే రాలేదు.

రెండోసారి ఆమెకి తోడుగా అంకమ్మరావు బయల్దేరాడు. “లేనిది చెప్పొద్దు, ఉన్నది దాచొద్దు. మర్యాద ఇంటి దగ్గర వదిలెయ్” అన్నాడు.

ఆస్పత్రి మూడో అంతస్తు చేరాక చూస్తే పాత మందుల చీటీల సంచి లేదు. కింద టీ బడ్డీ దగ్గర మరిచిపోయారు. లిఫ్టు పనిచెయ్యడం లేదు, లోపల్నించి పిలుపు రాబోతోంది. అంకమ్మరావు పంచె ఎగ్గట్టి దూకుతూ దిగి, రెండేసి మెట్లు ఎక్కుతూ సంచితో వచ్చేశాడు. ఆయాసమైనా లేదు.

రామతులసి కళ్లప్పగించి చూసింది. “మోకాళ్లు?”

“ఏ మోకాళ్లు?” అనేసి, నాలిక్కరుచుకున్నాడు.

అప్పుడు తట్టింది రామతులసికి. ఈయన రోగాలన్నీ తను ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన వారమే మొదలయ్యాయి. ఇంతలో లోపలికి పిలిచారు.

“ఎలా ఉన్నారమ్మా?”

‘బాగున్నానండీ’ నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“బాలేనండీ” అని మొదలుపెట్టింది. పట్టని నిద్ర, పిలిచే గొంతులు, సాయంత్రందాకా స్నానానికి లేవలేని రోజులు, అన్నీ చెప్పింది. డాక్టరు పెన్ను పక్కన పెట్టి విన్నాడు.

సర్టిఫికెట్ చేతికొచ్చిన పొద్దున, అరుగు మీద అడిగింది. “నిజం చెప్పండి బాబాయ్. మీకే జబ్బూ లేదు కదూ?”

అంకమ్మరావు కంగారుగా వీధి అటూ ఇటూ చూశాడు.

“మెల్లిగా తల్లీ! చందాలవాళ్లు వింటారు.”