పక్క సీటు చాచాను వెతుక్కుంటూ పత్తర్‌గట్టికి

ఈ సీజన్‌లో మా ఫుట్‌బాల్ జట్టు సొంత మైదానంలో మూడు మ్యాచ్‌లు ఆడింది. మూడింటికీ నా పక్క సీటు ఖాళీగానే ఉంది. నాలుగోది ఆదివారం సాయంత్రం ఐదింటికి. ఆ రోజు ఉదయం, ఆ సీటులో కూర్చోవాల్సిన మనిషిని వెతుక్కుంటూ ఇంట్లోంచి బయలుదేరాను. మ్యాచ్ కోసం హైదరాబాద్ వచ్చేవాళ్లు పనిలోపనిగా పాతబస్తీ కూడా చూడాలనుకుంటే, నేను వెళ్లిన దారి పనికొస్తుంది. అందుకే వివరాలతో సహా రాస్తున్నాను.

మా నాన్న ఫ్యాక్టరీలో ఫిట్టర్. నాకు తొమ్మిదేళ్లప్పుడు సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని మొదటి మ్యాచ్‌కు తీసుకెళ్లాడు. అప్పుడు జట్టు పేరు వేరు, మైదానం వేరు. తర్వాత యజమానులు మారారు, జెర్సీ రంగు మారింది, మైదానం నగరం పడమటి అంచుకు వెళ్లిపోయింది. మేం మాత్రం మారలేదు. నేను వెతుకుతున్న ఖలీల్ చాచా అప్పటినుంచీ నాన్న పక్కనే కూర్చునేవారు. ఆట మొదలయ్యే ముందు జేబులోంచి చిన్న సీసా తీసి, దూదికి అత్తరు అద్ది నాన్నకు ఇచ్చేవారు. నాన్న దాన్ని చెవి మడతలో పెట్టుకునేవాడు. మర్నాడు చర్చిలో కూడా ఆ వాసన వస్తుంటే అమ్మ విసుక్కునేది. ఒకసారి ముగ్గురం బెంగళూరు దాకా వెళ్లాం. నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయి తిరుగు రైలెక్కాం. కర్నూలు దాటేదాకా ఎవరూ నోరు విప్పలేదు. అప్పుడు చాచా సంచిలోంచి ఉడకబెట్టిన గుడ్లు తీసి, "వాళ్లవి నాలుగు గోల్స్, మనయి ఆరు గుడ్లు. లెక్క ప్రకారం మనమే గెలిచినం" అన్నారు.

నాన్న పోయి ఆరేళ్లయింది. ఆ తర్వాతి మ్యాచ్‌కు నేను ఒక్కదాన్నే వెళ్లాను. చాచా నాన్న కూర్చునే చోట తన చేతిరుమాలు పరిచి, అడిగిన వాళ్లందరికీ "ఈ జాగాకు ఆద్మీ ఉన్నడు" అని చెప్పారు. ఆ రోజు మేమిద్దరం ఆట గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. ఆ మాటకొస్తే ఏ రోజూ మాట్లాడుకోలేదు. నేను ప్రభుత్వ దవాఖానాలో రక్తపరీక్షల విభాగంలో పనిచేస్తాను. పెళ్లి చేసుకోలేదు. అమ్మ కూడా లేదు. రెండు గంటల పాటు నా పక్కన కూర్చుని, నా మాటలు వినే మనిషి ఈ ఊళ్లో ఆయన ఒక్కరే. అయినా ఆయన ఫోన్ నంబరు నా దగ్గర లేదు, ఇల్లు ఎక్కడో తెలియదు. మ్యాచ్ ఉంటే ఆయన ఉంటారు, ఇక నంబరెందుకు అనుకున్నాను. పత్తర్‌గట్టిలో అత్తరు దుకాణంలో పనిచేస్తారన్నది ఒక్కటే తెలుసు.

ఉదయం పావు తక్కువ పదికి చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద సిటీ బస్సు ఎక్కాను. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. మగవాళ్లకు పాతికకు అటూఇటూ అవుతుంది. ఫలక్‌నుమా, శాలిబండ మీదుగా అరగంట పట్టింది. చార్మినార్‌కు ముందే దిగి నడిచాను. పత్తర్‌గట్టి దుకాణాలు పదకొండు దాటితే గానీ తెరుచుకోవు. శుక్రవారమైతే చాలా వరకు తెరవనే తెరవరు. అందాకా ఒక హోటల్లో కూర్చుని చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తీసుకున్నాను. ముప్పై రూపాయలు. నలుగురు పట్టే బల్లకు నేనొక్కదాన్నే. "ఎవరన్న వస్తున్నరా మేడం?" అని వెయిటర్ రెండుసార్లు అడిగాడు. రెండోసారి లేచి బయటికి వచ్చేశాను.

పత్తర్‌గట్టి రాతి కమానుల కింద అత్తరు దుకాణాలు వరుసగా ఉంటాయి. కొనకపోయినా ముంజేతి మీద చుక్క రాసి చూపిస్తారు. మూడు దుకాణాల్లో అడిగేసరికి నా రెండు చేతులూ మూడు రకాల వాసనలతో నిండిపోయాయి గానీ, చాచా జాడ తెలియలేదు. నాలుగో దుకాణంలో యాభై ఏళ్లాయన ఒకరు గల్లా దగ్గర కూర్చుని ఉన్నారు. ఇక్కడ మాటలన్నీ సగం ఉర్దూ, సగం తెలుగు. నేను తెలుగులోనే రాస్తున్నాను.

"ఖలీల్ సాబా? మా దగ్గరనే ముప్పై ఏండ్లు చేసిండు. ఆరు నెలలాయె, బంద్ చేసి."

"ఎందుకన్నా? తబియత్ బాగలేదా?"

"కండ్లు పోయినయ్ అమ్మా. సీసా మీద చీటీ సదవకున్నా వాసన చూసి పేరు చెప్పేటోడు. కానీ పోసేటప్పుడు సగం చేతుల మీద పోసుకునుడే. నేనేం అనలే. ఆయనే ఒక దినం తాళాలు నా చేతుల పెట్టి పోయిండు."

నాకు నమ్మబుద్ధి కాలేదు. పోయిన సీజన్ అంతా ఆయన నా పక్కనే కూర్చున్నారు. నేను లేస్తే లేచారు, నేను తల పట్టుకుంటే తల పట్టుకున్నారు. కళ్లు లేని మనిషి ఫుట్‌బాల్ ఎలా చూస్తాడు? ఇంకెవరో ఖలీల్ అయ్యుంటారనుకుని, "ఫుట్‌బాల్‌కు పోయేటాయనేనా?" అని అడిగాను. ఆయన నవ్వారు. "మ్యాచ్ ఉందంటే మూడింటికే గాయబ్. ఎన్నిసార్లు లొల్లి అయిందో మా ఇద్దరికి." ఆయనే ఫోన్ చేసి కనుక్కున్నారు. చాచా ఇప్పుడు మలక్‌పేటలో, రేస్‌కోర్సు వెనక సందులో కూతురి దగ్గర ఉంటున్నారు. రమ్మన్నారు.

పత్తర్‌గట్టి నుంచి మలక్‌పేటకు ఆటోవాలా నూట యాభై అడిగి, నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. దబీర్‌పురా, చాదర్‌ఘాట్ మీదుగా ఇరవై ఐదు నిమిషాలు. రేస్‌కోర్సు అనగానే అతను అద్దంలోంచి నన్ను చూశాడు.

"గుర్రాల మీద పెడతావా అక్కా?"

"లేదన్నా. ఫుట్‌బాల్ పని."

"మలక్‌పేటల ఫుట్‌బాల్ యాడుంది?" అని తల గోక్కున్నాడు.

రెండో అంతస్తులో చిన్న వాటా. చాచా కూతురు షాహీన్ తలుపు తీసి, నన్ను చూసి తటపటాయించింది. కరుణనని, ఫుట్‌బాల్ దగ్గర పరిచయమని చెప్పాను. "మీరేనా? అబ్బా ఎప్పుడు చూడు 'మా బాజూ సీటు, మా బాజూ సీటు' అంటరు. మేము మొగాయన అనుకున్నం అక్కా" అంది. చాచా కిటికీ పక్కన మంచం మీద ఉన్నారు. నా గొంతు వినగానే లేచి నిలబడ్డారు. ఆయన చూపు మాత్రం నా భుజం పక్కనుంచి గోడ మీదికి వెళ్లింది.

"బేటీ! మొన్న డ్రా ఎందుకు చేసిన్రు? బ్యాక్‌ల ఎవడు ఆడిండు?"

నేను కుర్చీ లాక్కుని, మూడు మ్యాచ్‌లూ పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన మధ్యమధ్యలో తల ఊపుతూ విన్నారు. చివరికి అడిగేశాను. "చాచా, మరి పోయిన సాలు మొత్తం ఎట్ల చూసినవ్?"

"కాలా మోతియా, అదే గ్లకోమా, అన్నరు డాక్టర్లు. పోయిన నజర్ వాపస్ రాదంట. రెండు సీజన్ల సంది నాకు బాల్ కనిపించలే బేటీ. పచ్చగ ఒక చాదర్ పరిచినట్టు కనిపిస్తది, గంతే. నువ్వు చూసినవ్ కదా, గది చాలు. 'లెఫ్ట్‌ల ఖాళీ ఉంది, ఇయ్యిరా, ఇయ్యిరా' అని నువ్వు మొత్తుకుంటవ్. నాకు సమజ్ అయితది."

"చెప్పొచ్చు కదా నాకు?"

"చెప్తే నువ్వు పాపం అని నెమ్మదిగ సమజాయిస్తవ్. అప్పుడు అది మ్యాచ్ గాదు, దవాఖానా."

ఆట చూస్తూ ఆపకుండా మాట్లాడడం నాన్న నుంచి నాకు వచ్చిన అలవాటు. పక్కవాళ్లకు చిరాకేమోనని చాలాసార్లు సిగ్గుపడ్డాను. చాచా నన్ను ఓర్చుకుంటున్నారని ఇన్నాళ్లూ అనుకున్నాను.

"మరి ఈసారి ఎందుకు రాలే?"

ఆయన దుప్పటి అంచు వేళ్లకు చుట్టుకున్నారు. పోయిన సీజన్ ఆఖరి మ్యాచ్‌కు నాకు డ్యూటీ పడింది, వెళ్లలేదు. "ఆ దినం నువ్వొస్తవ్ అనే కూసున్న. నీ జాగాల ఎవరో పోరలు, ఫోన్లు చూసుకుంట ఉన్నరు. ఒక్కసారి మైదానమంత గోల గోల అయింది. గోల్ అయిందని నేను లేచి చప్పట్లు కొట్టిన. అది అవతలోళ్ల గోల్. వెనకనుంచి ఒకడు ఏమేమో తిట్టిండు. నలభై ఏండ్ల సంది ఈ జట్టు వెంబడి తిరిగిన, నన్ను పట్టుకుని గద్దార్, ద్రోహి అన్నడు బేటీ. బయటికి పోదామంటే గేటు యాడుందో తెల్వలే. అందరు పోయినంక సిపాయి వచ్చి చెయ్యి పట్టుకుని దింపిండు. ఇగ పోవద్దనుకున్న."

షాహీన్ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆమెకూ ఈ సంగతి అప్పుడే తెలిసినట్టుంది. ఇవాళ నాతో రమ్మన్నాను. చెయ్యి పట్టుకుని తీసుకెళ్తానన్నాను. చాచా తల అడ్డంగా ఊపారు. "ఇయ్యాల వద్దు. దిల్ తయారు లేదు. నువ్వు పో, టైం అయితుంది." షాహీన్ అన్నం పెట్టింది. ఖట్టీ దాల్, వేయించిన బెండకాయ. వచ్చేటప్పుడు తన నంబరు నా ఫోన్‌లో వేసి, "ఆడికెళ్లి ఫోన్ చేసి చెప్పరాదు అక్కా, అబ్బా చెవి దగ్గర పెడ్త" అంది.

మలక్‌పేట స్టేషన్‌లో మూడింటికి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగాను. ముప్పావుగంటకు పైనే పట్టింది, ఛార్జీ యాభై దాటింది. అక్కణ్నుంచి మైదానానికి షేర్ ఆటో ఇరవై రూపాయలు. మ్యాచ్ టికెట్ నూట యాభై, ముందే ఆన్‌లైన్‌లో కొన్నాను. నాలుగున్నరకల్లా తూర్పు స్టాండ్‌లో మా జాగాలో కూర్చున్నాను. ఆట మొదలవగానే ఫోన్ చేశాను. "ఆ, చెప్పు బేటీ" అన్నారు చాచా. ఎన్నో ఏళ్లుగా నోరు మూయకుండా మాట్లాడినదాన్ని, ఆయన నా మాటల మీదే ఆధారపడ్డారని తెలిసేసరికి తడబడ్డాను. పది నిమిషాలకు గానీ గాడిన పడలేదు. విరామానికి సున్నా–సున్నా.

రెండో సగంలో మాత్రం అన్నీ మరిచిపోయి చెప్పాను. కుడివైపు నుంచి మా కుర్రాడు ఇద్దర్ని తప్పించుకుని కొట్టిన క్రాస్, పొడుగాయన తల ఆనించడం, బంతి స్తంభానికి తగిలి లోపలికి దొర్లడం. గొంతు చించుకుని అరిచాను. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఆఖరి నిమిషాల్లో అవతలివాళ్లు సమం చేశారు. అదీ చెప్పాను. విజిల్ అయ్యాక, "ఏమంటవ్ చాచా?" అని అడిగితే జవాబు లేదు. ఫోన్ చూసుకున్నాను. రెండో సగం మొదలైన మూడు నిమిషాలకే కాల్ తెగిపోయింది. నలభై నిమిషాలకు పైగా నేను చెప్పింది ఎవరూ వినలేదు.

జనం మెట్లు దిగిపోతుంటే పైవరుసకు ఎక్కి మళ్లీ చేశాను. ఒక్క రింగుకే ఎత్తారు.

"అల్లా! చెవిలనే మోగింది, గుండె జారింది. నువ్వు చుప్ అయినవ్ అంటే మ్యాచ్‌ల ఏం అయితలేదనుకున్న. అట్లనే పట్టుకుని కూసున్న."

"లైన్ కట్ అయింది చాచా. ఒకటి–ఒకటి. డ్రా."

"గోల్ పెట్టినమా! ఆగు ఆగు. మొదటి నుంచి చెప్పు."

చెప్పాను. మన గోల్ రెండుసార్లు చెప్పించుకున్నారు. వాళ్ల గోల్ ఒక్కసారి చాలన్నారు. నేను చెప్పడం పూర్తయ్యేసరికి స్టాండ్‌లో నేనూ, సీసాలు ఏరుతున్న ఇద్దరు ఆడవాళ్లూ మిగిలాం. చాచా చేతిలోంచి ఫోన్ తీసుకుని షాహీన్ ఒక్క మాట అడిగింది. "ఆడ మెట్లు ఎన్నున్నయ్ అక్కా?" దిగుతూ లెక్కపెట్టి చెప్పాను. ముప్పై నాలుగు. పట్టుకోవడానికి ఒక పక్కనే కడ్డీ ఉంది.

తిరుగు మెట్రోలో నిలబడే వచ్చాను. పెట్టె నిండా మా జట్టు జెర్సీలే, ఒక్క ముఖమూ తెలియదు. ఒక జట్టు వెనక బతుకంతా తిరిగితే తోడుకు కొదవుండదంటారు. నాకు దొరికిన తోడు ఒకే ఒక్క మనిషి. ఆయన చూపు ఎప్పుడు పోయిందో కూడా పక్కనే కూర్చుని గమనించలేదు. రోజూ రక్తం సీసాల మీద ఊళ్లోవాళ్ల పేర్లన్నీ రాస్తాను గానీ, ఈయన పూర్తి పేరు ఇవాళ షాహీన్ చెబితే తెలిసింది. వచ్చే మ్యాచ్‌కు ఆయన వస్తారో లేదో తెలియదు. రెండు టికెట్లు మాత్రం కొన్నాను. రాకపోతే ఫోన్‌లోనే చెబుతాను. ఈసారి మధ్యమధ్యలో ఆగి, ఉన్నారా అని అడుగుతాను.

మీరు వెళ్తే ఒక్క మాట గుర్తుంచుకోండి: స్టాండ్ నిండాక కింది వరుసల్లో ఫోన్ సిగ్నల్ నిలవదు. ఇంట్లో ఎవరికైనా ఆట చెప్పాల్సి ఉంటే, గంట ముందే వెళ్లి పైవరుసలో కూర్చోండి.