చివరి బకెట్టు

డొరగుడలో మా లైను ఇళ్లన్నిటికీ చలికాలంలో ఒకటే కాగు. గ్యాసు ఆదా అవుతుందని అందరం కలిసి కొండ మీంచి వచ్చే కట్టెల మోపులు కొని, తెల్లారకముందే పెరట్లో నీళ్లు కాచేవాళ్లం. ఒక బకెట్టు వేణ్ణీళ్లు తోడుకున్నవాళ్లు ఒక బకెట్టు చన్నీళ్లు కాగులో పోయాలి. అందుకని చివరికి వచ్చేసరికి కట్టెలూ అయిపోయేవి, నీళ్లూ చల్లబడిపోయేవి.

ఆ చివరి బకెట్టు ఎప్పుడూ పక్కింటి ముసలాయనదే. కొడుకు దగ్గర ఉండేవాడు. ముందు పట్టుకెళ్లమంటే వినేవాడు కాదు.

"నాకేటి తొందరమ్మీ? నానేటి డూటీకెళ్లాలా, బడికెళ్లాలా? ముందు పిల్లలకియ్యి" అనేవాడు.

ఒకసారి ఆయన బకెట్టులో వేలు ముంచి చూశాను.

"ఇవి సన్నీళ్లే కదా మావయ్యా!" అంటే దగ్గుతూనే నవ్వాడు.

మా పొదుపు గురించి చుట్టాల దగ్గర గొప్పలు పోయేవాళ్లం. అది ఎవరి ఒంటి మీద నడుస్తోందన్న మాట మాత్రం లైనులో ఒక్కరూ ఎత్తలేదు.

పుష్యమాసంలో ఒక పొద్దున ఆయన లేవలేదు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. అందుకని శవానికి స్నానం చేయించే నీళ్లు మా కాగులోనే కాచాం. ఆ రోజు ఇంకెవరూ బకెట్టు పట్టుకురాలేదు. కొడుకు ఒక్కడే వచ్చి, బకెట్టు కాగు పక్కన పెట్టాడు. సలసల మరుగుతున్న నీళ్లు అతని బకెట్టు నిండా పోశాను.

"మరీ యేడిగున్నాయి, సన్నీళ్లు కలుపమ్మీ" అంది వెనకనుంచి ఓ పెద్దావిడ.

నేను కలపలేదు.