టీచరమ్మ విడమర్చిన కొలిమి పాట

వీధిలో అందరూ ఆవిడని టీచరమ్మ అనేవాళ్లు. వయొలిన్ నేర్పేది. పిల్లలు ముందుగదిలో వాయిస్తుంటే తాను వంటింట్లో కూర తరుగుతూనే, "రెండో వేలు జారింది, పైకి జరుపు" అని కేకేసేది. చూడకుండానే పట్టేస్తుందని పిల్లలకు హడల్.

అలాంటి మనిషికి ఓ విషజ్వరం వచ్చి, పోతూ పోతూ వినికిడిలో సగం పట్టుకుపోయింది. మాటలు వినపడేవి, లారీ మోత వినపడేది. పిట్ట కూత, తలుపు గంట, వయొలిన్ పై తీగ మాత్రం లేవు. చెవికి మెషిన్ పెట్టుకుంటే ఆ పై స్వరాలు పళ్లెం మీద చెంచాతో గీకినట్టు ఉండేవి. "వినపడనిది వినపడినట్టు నటించి పిల్లల్ని పాడుచెయ్యలేను" అని అందరినీ వేరే మాస్టారి దగ్గరికి పంపేసింది. ఆ తర్వాత ఇంట్లో పాటన్నది పెట్టనిచ్చేది కాదు.

కోడలు జర్మన్ భాష నేర్పుతుంది. ఆ ఏడు ఆమె క్లాసువాళ్లు పద్యాలు వద్దు, పాట చెప్పమని పట్టుబట్టారు. వాళ్లే ఒకటి ఏరి తెచ్చారు. ఇండస్ట్రియల్ మెటల్ అట. కర్మాగారం మోతలూ బరువైన గిటార్లూ కలిపి కట్టే రకం. అర్థం చెప్తే చాలదు, సంగీతం కూడా విడమర్చాలన్నారు.

ఓ సెలవు రోజు పొద్దున కోడలు తలుపేసుకుని ఆ పాట వింటోంది. "పక్కింట్లో బీరువా ఈడుస్తున్నారా?" అని మామగారు పేపరు దించాడు. టీచరమ్మ ఉతికిన బట్టలు మడత పెడుతోంది. బల్ల మీదున్న అరచేయి ఆ దరువు అదురు తగిలి అక్కడే ఆగిపోయింది. లేచి వెళ్లి తలుపు తోసింది.

"తగ్గిస్తా అత్తయ్యా."

"తగ్గించకు. మొదట్నించి పెట్టు."

"క్లాసులో దీని సంగీతం విడమర్చాలట, మీరే చెప్పాలి. నాకు సంగీతమంటే చెవిటివాడి ముందు శంఖం..." కోడలు నాలిక కరుచుకుంది.

"ఆ శంఖమేదో ఊదు ముందు," అంది టీచరమ్మ కుర్చీ లాక్కుంటూ.

ముందు ఇనుము మీద సమ్మెట పడ్డట్టు మోత. దాన్నే దరువుగా పట్టుకుని డ్రమ్ములు అందుకున్నాయి. నాలుగు దెబ్బలూ సమానం, ఎక్కడా తడబాటు లేదు. తర్వాత గిటార్లు. "తీగలు మామూలు కంటే వదులు చేసి శ్రుతి కిందికి దించారు. మీటగానే అరచేతి అంచుతో నొక్కేస్తున్నారు. అందుకే మోగకుండా గుద్దినట్టుంది," అంది టీచరమ్మ. పాడేవాడు ఒక్క స్వరాన్నే అంటిపెట్టుకున్నాడు. కొలిమితో మాట్లాడుతున్న పనివాడి పాట అది అని కోడలు చెప్పింది.

"ప్రతి మాటా చివర్లో తెగ్గొడతాడేం?"

"జర్మన్‌లో అంతే. చివర 'డ్' అని రాసినా 'ట్' అనే పలుకుతారు."

"ఆ 'ట్' సరిగ్గా దెబ్బ మీద పడుతోంది, చూడు."

కోడలు మళ్లీ విని, తానే బల్ల మీద వేలితో కొట్టి చూసుకుంది. ఇన్నేళ్లు నేర్పిన హల్లు అలా డ్రమ్ముతో కలుస్తుందని ఆమెకు తట్టలేదు.

పల్లవి దగ్గర టీచరమ్మ తల పక్కకి వంచింది. "ఇక్కడ కీబోర్డు విప్పారింది. పైన ఇంకేదో ఉండాలి. నాకు అందట్లేదు."

"ఆడవాళ్ల గొంతులు. పలుచగా, చాలా పైన."

"ఎక్కుతున్నాయా, నిలబడ్డాయా?"

కోడలు కళ్లు మూసుకుంది. "ఒక్కో మెట్టే ఎక్కుతున్నాయి."

"అందుకే వాడు కింద కదలకుండా నిలబడ్డాడు," అంది టీచరమ్మ. మడత పెట్టాల్సిన బట్టలు సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి.

క్లాసుకి ఇద్దరూ వెళ్లారు. టీచరమ్మ మొదటే చెప్పేసింది: "పై స్వరాలు నాకు వినపడవు. వాటి సంగతి మా కోడలు చూసుకుంటుంది." ఒకే స్వరం మీద పాడితే పాటెలా అవుతుందని ఎవరో అడిగారు. "వంటింట్లో అందరూ తిరుగుతుంటే పొయ్యి కదులుతుందా?" అందావిడ. నవ్వారు, రాసుకున్నారు కూడా.

క్లాసులో మంద్ర స్వరాలే పలికే బేస్ గిటార్ వాయించే బ్యాంకు గుమాస్తా ఒకామె ఉంది. ఆ వారమే ఇంటికొచ్చి లయ నేర్పమంది. టీచరమ్మ వెంటనే ఒప్పుకోలేదు. ఆ గిటార్ తీగలన్నీ ఒక్కోటీ మీటించి, ప్రతిదీ తేటగా వినపడుతోందని నిర్ధారించుకున్నాకే సరేనంది. తర్వాత మరో ఇద్దరు చేరారు. వయొలిన్ కోసం బెంగ పోలేదు. పక్కవీధి మాస్టారింట్లో పిల్లలు వాయిస్తుంటే ఇప్పటికీ ఆ వీధి తప్పించి నడుస్తుంది. ముందుగది మాత్రం మళ్లీ పాఠాలకే వాడుతున్నారు. మామగారు పేపరు పట్టుకుని పెరట్లోకి మారాడు.