జున్నుపాలకు బదులిచ్చిన మిఠాయి

ఇంగ్లండ్‌లో, ఈ నార్తాంప్టన్‌లో జున్ను తింటున్నామంటే బర్మింగ్‌హామ్‌లో ఉన్న మా ఆడపడుచు ఇప్పటికీ నమ్మదు. ఊరి బయట ఒక ఇంగ్లీషు దంపతుల డెయిరీ ఫార్మ్ ఉంది. ఆవు ఈనిన మొదటి రోజుల పాలు ట్యాంకర్లో పోయకూడదు. దూడ తాగగా మిగిలినవి మాకు పోసేవాళ్ళు. జున్నుపాల గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, బెల్లం ముక్కో పండో వేసి ఇచ్చేదాన్ని. మా అమ్మాయి పరీక్ష పాసైనప్పుడు మాత్రం మిఠాయి డబ్బా పట్టుకెళ్ళాను. శుభవార్త ఉంటే మీవాళ్ళు మిఠాయి పంచుతారన్నమాట అని ఆ ఫార్మ్ ఆంటీ ముచ్చటపడింది.

వాళ్ళ పాలు కొనేది నేను పనిచేసే డెయిరీయే. ఏ ట్యాంకర్ ఏ దారిలో వెళ్ళాలో చూడటం నా పని. బ్రిటన్ యూరప్ కూటమిలోంచి బయటికొచ్చాక మా మీగడ సముద్రం దాటడం గగనమైపోయింది. ప్రతి లోడుకూ పశువైద్యుడి సంతకం, రేవులో తనిఖీ, ఒక్క కాగితం తేడా వస్తే బండి వెనక్కి. అవతల కొనేవాళ్ళు విసిగిపోయి తమ దగ్గర్లోనే చూసుకున్నారు. గత చలికాలం మా మేనేజరు పిలిచి, దూరపు ఫార్మ్‌ల పాలు ఇక వద్దు, కొత్త దారులు వెయ్యమన్నాడు. నోటీసులు వెళ్ళేదాకా బయట అనొద్దన్నాడు. మా ఇంటికి దగ్గరే అయినా, డెయిరీకి అన్నిటికంటే దూరం ఆ దంపతులదే. నా చేత్తోనే వాళ్ళ ఫార్మ్‌ను జాబితాలోంచి తీసేశాను.

"నోరు జారావంటే నీ ఉద్యోగం ఊడుద్ది. మనకెందుకే?" అన్నాడు మా ఆయన.

ఆ ఆదివారమే ఆవు ఈనింది, రమ్మని కబురొచ్చింది. వట్టి బెల్లం ముక్కతో వెళ్ళడానికి మనసొప్పక, డబ్బా నిండా మైసూర్‌పాక్ పట్టుకెళ్ళాను. పాపానికి పరిహారం నేతి మిఠాయితో చెల్లిపోతుందనుకునే బుద్ధి నాది!

డబ్బా చూడగానే ఆంటీ మొహం విప్పారింది. భర్తను కేకేసింది. పెయ్యదూడల్ని ఆ వారం సంతలో అమ్మెయ్యాలా, పెంచుకోవాలా అని ఇద్దరూ తేల్చుకోలేకపోతున్నారట. పాలు కొనేవాళ్ళుంటేనే కదా మందను పెంచేది.

"మంచి కబురేనా? మీ డెయిరీ మా పాలు తీసుకుంటూనే ఉంటుంది కదూ?" అన్నాడాయన.

అవుననలేదు, కాదనలేదు. పైగా నవ్వాను. ఆ నవ్వు చూసే ఆయన దూడల్ని ఉంచేసుకున్నాడు. "తొందరపడకండి" అన్న ఒక్క మాట చాలు, అదీ అనలేదు. ఉద్యోగం పోతుందన్న భయం నిజమే. కానీ ఆ ఇంట్లో మంచిదాన్ని అనిపించుకోవాలన్న ఆశ అంతకంటే పెద్దది. సిగ్గుగా ఉంది నాకు.

నోటీసు అందేసరికి సంత రోజు దాటిపోయింది. ఆ దారిలో ఉన్న మిగతావాళ్ళు కూడా మందలు అమ్ముకుంటుంటే, ఆ దూడల్ని కొనే నాథుడెవడు?

మర్నాడు ఆంటీ ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నిన్ను కూడా మోసం చేశారమ్మా," అంది. "పాపం, సంతోషంగా మిఠాయి తెచ్చావు. నీకు ముందే తెలిస్తే మాకు చెప్పకుండా ఉంటావా?"

నాకు తెలుసని చెప్పడానికే నోరు తెరిచాను.

"అవునాంటీ, నన్నూ మోసం చేశారు," అన్నాను.