మొదటి దెబ్బకు జవాబు

ఖతార్‌లో మెసయీద్ నుంచి దోహా వస్తున్న బస్సులో సీటు దగ్గర మాటా మాటా పెరిగింది. నా పక్కనున్న మనిషి లేచి, ఎదురుగా నిలబడ్డవాడి మూతి మీద గుద్దాడు. దెబ్బ తిన్నవాడు కిక్కురుమనలేదు. ఇతను మళ్ళీ గుద్దాడు. మళ్ళీ, మళ్ళీ. వాడు కుప్పకూలితే గానీ మేం ఇతన్ని పట్టుకోలేకపోయాం. డ్రైవర్ బస్సు ఆపి పోలీసుల కోసం పరిగెత్తాడు.

కొట్టినతను బూతులన్నీ తెలుగులోనే తిట్టాడు కాబట్టి తెలుగులోనే అడిగాను. "ఒక్క దెబ్బతో ఆగొచ్చుగా?"

"వాడు సప్పుడు జెయ్యలే సార్. తాకలేదనుకున్న."

కింద పడ్డవాడి నోరు ఎవరో తెరిచారు. రక్తం, పళ్ళు బయటికొచ్చాయి.

"మొదటి దెబ్బకే నోరంత రక్తమైంది," అన్నాడు కొట్టినతను. "ఇగ ఎట్ల మాట్లాడ్తడు?"

కుడిచేతిని తొడ కింద పెట్టుకుని, పోలీసులు వచ్చేదాకా దానిమీదే కూర్చున్నాడు.

తొంభైల చివరి మాట ఇది. అప్పుడు మా ఆఫీసు స్టోర్స్‌కి నేను చేసిన వెబ్ ఫారం ఒకటుండేది. బటన్ నొక్కితే సర్వర్ జవాబు ఎప్పటికోగానీ వచ్చేది కాదు. ఫారం వెళ్ళలేదనుకుని జనం మళ్ళీ నొక్కేవారు, అడిగిన సామానే మళ్ళీ మళ్ళీ వచ్చిపడేది. బస్సులో గొడవైన మర్నాడే జావాస్క్రిప్ట్‌లో ఒక లైను రాశాను. ఒకసారి నొక్కాక, జవాబు వచ్చేదాకా ఆ బటన్ పనిచేయదు.

ఇప్పుడు ఫారంలోని డేటాని సర్వర్‌లోని ఏపీఐకి పంపే కోడ్ ఎవరు చూపించినా ముందు ఆ లైను కోసమే వెతుకుతాను. లేకపోతే అరుస్తాను. ఇంత చిన్నదానికి అంత కోపమా అంటారు మా టీంలో వాళ్ళు.

వాళ్ళు ఆ బస్సు ఎక్కలేదు.